వర్జ్యం చదివి చెప్పిన పిల్ల

నూనెపల్లె కొళాయి దగ్గర పుట్టిన ఒక మాట, నెల తిరక్కముందే సగం నంద్యాల చుట్టి వచ్చింది. దెబోరా టీచరమ్మ ఆదివారం ఆరాధన నడుమ, నిండు సంఘం చూస్తుండగా, చదవాల్సిన వాక్యం చదవకుండా బైబిలు మూసి బయటికి నడిచిందట. నడిచి నేరుగా ఆళ్లగడ్డ బస్సెక్కిందట. అంతవరకే అయితే పోనీలే అనుకోవచ్చు. ఆళ్లగడ్డలో బట్టల అంగడి ఉన్న గోపాలకృష్ణ శెట్టి అంతకుముందు పదిహేను రోజుల్లో రెండుసార్లు ఆమె ఇంటికి వచ్చిపోయాడని, ఇద్దరూ చిన్నప్పుడు ఒకే క్లాసని, మిగిలింది ఎవరికి వాళ్లు అర్థం చేసుకోవాలని చెప్పి చెన్నమ్మ బిందె నెత్తికెత్తుకుంది.

ఎవరికి వాళ్లు అర్థం చేసుకోమంటే జనం తక్కువ చేసుకుంటారా? నాలుగిళ్లు దాటేసరికి టీచరమ్మకు నలభై రెండేళ్లని, ఇంట్లో ఇద్దరు ఎదిగిన ఆడపిల్లలున్నారని కూడా అందరూ మరిచిపోయారు.

ఆరాధన నడుమ లేచి వెళ్లడం నిజం. బస్సెక్కడం నిజం. శెట్టి రెండుసార్లు రావడమూ నిజమే. కానీ ఆయన వచ్చింది విస్తరాకులు ఎన్ని కుట్టించాలో తెలుసుకోవడానికి. ఆళ్లగడ్డ హైస్కూల్లో 1962లో ఎస్సెల్సీ రాసినవాళ్లంతా ఇరవై అయిదేళ్ల తర్వాత ఒక పూట కలిసి భోంచేయాలని ఆయన తలకెత్తుకున్నాడు. అందరూ వస్తామనో రామనో చెప్పారు. దెబోరా ఒక్కతే ఏదీ చెప్పలేదు. చెప్పలేకపోవడానికి కారణం గోపాలకృష్ణ కాదు, అహల్య. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుంటే చెన్నమ్మ మాట దానంతటదే ఆగుతుంది.

దెబోరా ఎలాంటి మనిషో ముందు చెప్పాలి. పొద్దున ఎనిమిదిన్నరకు నల్ల గొడుగు, చంకన గుడ్డసంచి, వీధికి ఆ చివర నుంచి ఈ చివరకు పరుగులాంటి నడక. మిషను ప్రైమరీ స్కూల్లో మూడో తరగతికి లెక్కలు చెబుతుంది. ఇరవై ఏళ్లుగా అదే తరగతి, అదే గది. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి ఆమె ఎప్పుడూ కొట్టలేదు. తెలియకుండా నోటికొచ్చిన జవాబు చెప్పినవాణ్ణి మాత్రం వదల్లేదు. “తెల్దని చెప్పను నీకేం కష్టం?” అని చెవి పట్టుకుని అడుగుతుంది. తప్పుకు లేని దెబ్బ మాటకెందుకని తల్లిదండ్రులు అనుకునేవాళ్లు. అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది.

మొగుడు జకరయ్య రైల్వే గేటు దగ్గర పని చేస్తాడు. మాటలు తక్కువ, ఉన్న రెండూ సూటిగా ఉంటాయి. తండ్రి యోబు ఆళ్లగడ్డ పక్క పల్లెల్లో ఉపదేశిగా తిరిగినవాడు. ఊరికొక ఆరాధన, ఇంటికొక ప్రార్థన, రాత్రిపూట ఆరిపోయే లాంతరు వెలుగులో కూతురికి అక్షరాలు. ఉపదేశి కూతురంటే ఆ ఊళ్లో అర్థం ఒకటే, అబద్ధం చెప్పని పిల్ల.

ఏప్రిల్ చివర్లో ఉత్తరం వచ్చింది. మే నెల మూడో ఆదివారం, పొద్దున తొమ్మిదికి, స్కూలు ఆవరణలోనే, భోజనం ఏర్పాటు ఉంది, తప్పక రావాలి. కింద గోపాలకృష్ణ సంతకం. దెబోరా దాన్ని రెండుసార్లు చదివి బైబిల్లో పెట్టింది. సాయంత్రం తీసి బియ్యం డబ్బా మూత కింద పెట్టింది. మరునాడు అక్కణ్ణుంచి తీసి హాజరు పుస్తకంలోకి మార్చింది. స్కూలుకు సెలవులిచ్చేశారు కాబట్టి ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది. రెండు కార్డులు కొని, ఒకదాని మీద వస్తున్నానని, ఇంకోదాని మీద రావడం పడదని రాసింది. రెండూ సంచిలో వేసుకుని పోస్టు డబ్బా దాకా నడిచింది. డబ్బా నోట్లో చెయ్యి పెట్టి మరీ వెనక్కు తీసింది. రెండు కార్డులూ అలాగే సంచిలో నలిగాయి.

అలా నాలుగు రోజులు ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. మధ్యాహ్నం ఎండలో నీళ్లు లేని కొళాయి దగ్గరకు బిందె తీసుకుపోయింది. చెన్నమ్మకు మొదటి అనుమానం అక్కడే వచ్చి ఉంటుంది.

అయిదో రోజు గోపాలకృష్ణ వచ్చాడు. నంద్యాలలో ఏదో సరుకు పని చూసుకుని, రిక్షాలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది. మజ్జిగ తాగి, విస్తరాకుల కష్టం చెప్పుకున్నాడు. నలభై మందిలో ఇరవై తొమ్మిది మంది వస్తున్నారు. ముప్పై అని చెప్పాలా, ఇరవై తొమ్మిది అని చెప్పాలా? దెబోరా ఆదివారం ఆరాధన ఉందని, ఆ వారం వాక్యం చదివే వంతు తనదేనని, సండే స్కూలు కూడా ఉందని చెప్పింది. ఏడాదికి యాభై ఆదివారాలు దేవునికిచ్చి ఒకటి మాకియ్యకూడదా అన్నాడు ఆయన. అని, అసలు సంగతి బయటపెట్టాడు. ఆ ఏడు స్కూలు మొత్తంలో ఫస్టు వచ్చింది దెబోరాయే. హెడ్మాస్టరు గదిలో చెక్క బోర్డు మీద ఆమె పేరు ఇప్పటికీ తెల్ల అక్షరాల్లో ఉంది. అందుకని ఆమెకు శాలువా కప్పాలని అందరూ అనుకున్నారు.

శాలువా మాట విన్నాక దెబోరా మొహం పాలిపోయింది. ఆయన అది మొహమాటం అనుకున్నాడు.

“ఇంగోటి చెప్పల్ల,” అన్నాడు లేచి చెప్పులు తొడుక్కుంటూ. “అహల్య ఆదోని నుంచి వస్తాండాది. రానే రాదనుకున్యాం. కార్డులో రెండే ముక్కలు రాసింది. దెబోరా వస్తే నేనొస్తా, ఆమెను ఒకటి అడగల్ల అని.”

“ఏం అడగల్లంట?”

“అది నాకు రాస్తాదా?”

అని ఆయన రిక్షా ఎక్కి పోయాడు. దెబోరా అరుగు మీద నిలబడి రిక్షా మలుపు తిరిగేదాకా చూసింది. ఎదురింట్లో నుంచి చెన్నమ్మ ఆమెను చూసింది.

అహల్య నరసింహం శెట్టి కూతురు. ఆళ్లగడ్డ బజార్లో వాళ్ల పచారీ అంగడి, అంగడి వెనకే ఇల్లు. క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే. మూడో పిల్ల ఎప్పుడో మానేసింది. మిగిలిన ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే సిరాబుడ్డి వాడుకుని, ప్రతి పరీక్షలో ఫస్టు కోసం కొట్లాడేవాళ్లు. మూణ్ణెల్ల పరీక్షలో అహల్యకు ఫస్టు వస్తే అరసంవత్సరం పరీక్షలో దెబోరాకు వచ్చేది. మార్కుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో మార్కూ వేలితో పోల్చుకునేవాళ్లు. స్కూలు వదిలాక దెబోరా అహల్య వాళ్ల ఇంటి అరుగు దాకా వెళ్లేది. లోపలికి వెళ్లేది కాదు. ఎవరూ వద్దని చెప్పలేదు, రమ్మనీ చెప్పలేదు. మంచినీళ్లు అడిగితే అహల్య అవ్వ సుబ్బలక్ష్మమ్మ చెంబు ఎత్తి పోసేది, దెబోరా దోసిట పట్టి తాగేది. ఆ ముసలామెకు దెబోరా అంటే ఇష్టమే. చూపు మందగించింది కాబట్టి అంగడి పొట్లాల కాగితాల మీది వార్తలు కూడా ఆ పిల్ల చేత చదివించుకుని వినేది. ఏమిచ్చినా గడప మీద పెట్టి తీసుకోమనేది, అంతే.

ఆ ఏడు ఎస్సెల్సీ సెంటరు నంద్యాలలో పడింది. మగపిల్లలు ముందు రోజే పోయి చుట్టాల ఇళ్లలో దిగారు. అహల్యను రాత్రిపూట పరాయి ఊళ్లో ఉంచడానికి అవ్వ ఒప్పుకోలేదు. యోబుకు నంద్యాలలో ఉండే తావు లేదు. పరీక్ష మధ్యాహ్నం రెండుకు. పొద్దున ఎనిమిది బస్సుకు పోతే పదింటికి చేరతారు. యోబే ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకుపోయేటట్టు మాట అయింది.

ఆ పొద్దు ఏడింటికి దెబోరా అరుగు దగ్గరకు వెళ్లేసరికి అహల్య తల దువ్వించుకుంటోంది. నరసింహం శెట్టి సరుకు కోసం ప్రొద్దుటూరు పోయి ఉన్నాడు. వర్జ్యం చూడకుండా మనవరాలిని గడప దాటనివ్వనని అవ్వ కూర్చుంది. రోజూ పంచాంగం చూసి చెప్పే కొడుకు ఇంట్లో లేడు. తాను చదువుతానని అహల్య అంటే ముసలామె నమ్మలేదు.

“నువ్వు బస్సు యావలో పడి ఏదో ఒకటి చెప్తావు. మే దెబోరా, ఇట్ల రా. నువ్వు ఉపదేశి కూతురివి, నీ నోట అబద్ధం రాదు. ఈ పొద్దు వర్జ్యం ఎప్పుడుండాదో చూసి చెప్పు.”

అని పంచాంగం అందించింది. గడప మీద పెట్టలేదు. చేతికే ఇచ్చింది.

దెబోరా జన్మలో పంచాంగం ముట్టుకోలేదు. వాళ్ల ఇంట్లో బైబిలు, పాటల పుస్తకం, సంఘం వాళ్లు ఇచ్చిన క్యాలెండరు తప్ప ఇంకొకటి లేదు. రాదని చెప్పొచ్చు. చెప్పలేదు. ఫస్టు కోసం కొట్లాడే పిల్లకు, అచ్చు పుస్తకం చేతిలోకి వచ్చాక, చదవడం రాదని చెప్పడానికి నోరు పెగల్లేదు. తేదీ వెతికింది. వరుస మీద వేలు పెట్టి పోయింది. వర్జ్యం దగ్గర 7-10 ల 10-55 అని ఉంది. ఇంత సులభమా అనిపించింది. ఏడు గంటల పది నిమిషాలకు మొదలై, పదకొండుకు అయిదు నిమిషాల ముందు దాకా ఉంటుందని గట్టిగా చెప్పింది.

ఆ అంకెలు గంటలు కావు, సూర్యోదయం నుంచి లెక్కించే ఘడియలు. ఆ మాట ఆ పిల్లకు తెలియదు. నరసింహం శెట్టి ఎప్పుడూ ఘడియలను గంటల్లోకి మార్చే చెప్పేవాడు, అందువల్ల అవ్వకూ అనుమానం రాలేదు. ఇంత పొడుగు వర్జ్యమా అని ఒకసారి నొసలు ముడిచింది. అంతే. పదకొండు దాటాకే అహల్య కదిలేది అని తేల్చేసింది. అహల్య ఏడ్చింది, జడ విప్పేసుకుంది, ముసలామె వినలేదు. పదకొండుంబావుకు ఇంకో బస్సు ఉంది కదా, ఒంటిగంటకల్లా చేరదా, అంగడి గుమాస్తాను తోడు పంపుతానంది. యోబుకూ దెబోరాకూ వర్జ్యంతో పని లేదు. వాళ్లు ఎనిమిది బస్సెక్కారు.

పదకొండుంబావు బస్సు శిరివెళ్ల దగ్గర చెడిపోయింది. అహల్య నంద్యాల చేరేసరికి మూడున్నర. లోపలికి పోనివ్వలేదు. మొదటి పరీక్షే పోయాక మిగిలినవి రాసి లాభమేమని ఇంట్లో పుస్తకాలు కట్టేశారు. సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చని హెడ్మాస్టరు కబురు పెట్టాడు. కబురు వచ్చేలోపే ఆదోని సంబంధం కుదిరింది. పెళ్లికి దెబోరాకు పిలుపు రాలేదు. తమ ఇళ్లకు అలాంటి పిలుపులు రావని ఆమె సర్దుకుంది. ఫలితాలొచ్చాయి, బోర్డు మీద పేరు ఎక్కింది, నంద్యాలలో ట్రైనింగు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. పన్నెండేళ్లు ఆ సంగతి ఆమెకు చెడిపోయిన బస్సు కథే.

1974లో ఒకరోజు తోటి టీచరు శాంతకుమారి, తమ్ముడి లగ్నం కోసం పంచాంగం ముందేసుకుని, అట్ట వెనక పెన్సిలుతో ఏవో హెచ్చవేతలు చేస్తోంది. ఇదేం లెక్క అని దెబోరా అడిగింది. ఏదైనా సరే, కనబడితే అడగకుండా ఉండలేని మనిషి. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు టీచర్, పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కేసుకోవాలి అని శాంతకుమారి తలెత్తకుండానే చెప్పింది.

దెబోరా తన గదిలోకి వెళ్లి బోర్డు మీద వేసింది. ఏడు ఇరవై నాలుగుల నూట అరవై ఎనిమిది. మీది పది విఘడియలకు ఇంకో నాలుగు. ఆరుంబావుకు పొద్దు పొడిస్తే, వర్జ్యం మొదలయ్యేది తొమ్మిది దాటాక. ఎనిమిది బస్సుకు ఏ దోషమూ లేదు. గంట ముందే బయల్దేరి ఉండేవాళ్లు. పిల్లలు అది తమ లెక్కే అనుకుని పలకల మీద ఎక్కించుకుని జవాబు కోసం చూస్తూ కూర్చున్నారు. ఆమె తుడిపేసి బయటికి వెళ్లి చాలాసేపు కొళాయి కింద చేతులు కడుక్కుంది.

చెవి పట్టుకుని అడగడం ఆ తర్వాతే మొదలైంది.

ఈ సంగతి ఆమె చెప్పింది జకరయ్య ఒక్కడికే. అప్పుడూ ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు గోపాలకృష్ణ వచ్చిపోయాక, ఆమె అన్నం కలిపి వదిలేస్తుంటే, మంచం మీద అటూ ఇటూ పొర్లుతుంటే, చూసి చూసి అడిగాడు.

“తెలీక చెప్పినావు. తెలీక చెప్పినా అని ఆయమ్మకు చెప్పు. ఇంతకాడికి బువ్వ మానుకుంటారా?”

తెలియక చెప్పానని చెప్పడం అంత పెద్ద కష్టం కాదని దెబోరాకూ తెలుసు. అది ఒక ఉత్తరంలో రాసి పడేయొచ్చు. పదమూడేళ్లుగా ఎందుకు రాయలేదు? అదే ఆమెను నిలవనీయలేదు. పోతే శాలువా. శాలువా కప్పేటప్పుడు ఎదురుగా అహల్య. పోకపోతే, అహల్య ఆదోని నుంచి అంత దూరం వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, మా ఇంట్లోవాళ్లు అనుకున్నదే నిజమనుకుని తిరిగిపోతుంది. ఏమనుకున్నారో దెబోరాకు తెలియదు. తెలియని దాన్ని రాత్రీ పగలూ ఊహించుకోవడమే ఆమె పనైంది. చీర కొనడానికి బజారుకు పోయి కొనకుండా వచ్చింది. పెద్దకూతురు, అమ్మా నువ్వు పోతాండావా లేదా అని అడిగితే, నీకెందుకే అని కసిరి, తర్వాత పిలిచి తల దువ్వింది.

రెండోసారి గోపాలకృష్ణ వచ్చినప్పుడు ఆమె గడపలోనే నిలబడి, రాలేనని చెప్పేసింది. ఆదివారం వాక్యం చదివేది తానే, మానితే బాగుండదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని ఇరవై తొమ్మిదే రాసుకున్నాడు. అహల్యకు ఏం చెప్పమంటావని అడిగితే, నేనే ఉత్తరం రాస్తానంది. ఆయన పోయాక ఆమెకు గుండె తేలికైంది. ఆ మధ్యాహ్నం నిద్ర కూడా పట్టింది. లేచేసరికి మళ్లీ అంతే. అహల్యకు రాస్తానన్న ఉత్తరం రాయనేలేదు, వాకిలి ఊడ్వడానికి చీపురు పట్టుకుంది.

మూడో ఆదివారం వచ్చింది. జకరయ్య పొద్దున డ్యూటీకి పోయాడు. దెబోరా సండే స్కూలు ముగించి, ఆడవాళ్ల వైపు చాప మీద, ముందు వరుసలో కూర్చుంది. తొమ్మిదికి ఆళ్లగడ్డలో అందరూ చేరి ఉంటారు. తొమ్మిదిన్నర, ఉప్మా తింటూ ఉంటారు. పాట పాడుతుంటే ఒక చరణం వదిలి ఇంకో చరణం అందుకుంది. పక్కనున్న లూదియా మోచేత్తో పొడిచింది.

పాస్టరు గారు ఆనాటి వాక్యభాగం అధ్యాయం, వచనాల అంకెలు చెప్పి ఆమె వైపు చూశారు. దెబోరా లేచి బల్ల దగ్గరకు వెళ్లింది. బైబిలు తెరిచింది. పేజీ దొరికింది, అంకెలు కనబడుతున్నాయి. తలెత్తింది. చాపల మీద రెండు వందల మంది. సగం మందికి చదువు రాదు. ముసలి ఆడవాళ్లు మోకాళ్లు పట్టుకుని, కళ్లు చిట్లించి, ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఆమె ఏం చదివితే అదే అక్కడ రాసి ఉందని వాళ్ల నమ్మకం. టీచరమ్మ తప్పు చదవదు.

ఆమె వరుస మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగింది. పేజీ దొరకలేదేమోనని పాస్టరు గారు అధ్యాయం మళ్లీ చెప్పారు. ఎవరో దగ్గారు. దెబోరా బైబిలు మూసి, దిగి వచ్చి, లూదియా చేతిలో పెట్టింది.

“నువ్వు చదువు మే. నాకు ఆళ్లగడ్డలో పనుండాది.”

వెనక చాప మీద కూర్చున్న చెన్నమ్మ విన్నది ఆ చివరి మాటే. గుడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కునే ఓపిక కూడా దెబోరాకు లేకపోయింది. ఎవరివో చెప్పులు, ఒకటి బిగుతు, ఒకటి వదులు, తొడుక్కుని బస్సు ఆపే చోటికి నడిచింది.

బస్సు నూనెపల్లె గేటు దగ్గర ఆగింది. గేటు వేసి ఉంది. జకరయ్య పచ్చజెండా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్సు కిటికీలో పెళ్లాం కనబడింది. ఆరాధన టైములో ఆమె ఆ బస్సులో ఉండడం పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన చూడలేదు. గూడ్సు బండి పెట్టెపెట్టెగా పోతుంటే ఇద్దరూ దాన్నే చూశారు. బండి దాటాక గేటెత్తి, బస్సు వైపు చేయి ఊపాడు. డ్రైవరుకే ఊపాడో, ఆమెకే ఊపాడో.

ఆళ్లగడ్డలో దిగేసరికి ఒంటిగంట. స్కూలు ముందు షామియానా, కింద కుర్చీలు, ఆ కుర్చీల్లో బట్టతలలు. ఒక్క మొహమూ వెంటనే పోల్చుకోలేకపోయింది. భోజనాలు అయిపోయాయి, ఎంగిలి విస్తళ్లు గోడ పక్కన గుట్టగా పడి ఉన్నాయి. గోపాలకృష్ణ ఆమెను చూసి రెండు చేతులూ ఎత్తాడు. ఇరవై తొమ్మిదే కుట్టించినా గదమ్మా, నువ్వు నన్ను సంపేదానివి అన్నాడు. శాలువా తెప్పిస్తానని పరిగెత్తబోతే ఆమె చొక్కా పట్టి ఆపింది. శాలువా వద్దు, అహల్య యాడుండాదో చూపించమంది.

అహల్య చేతులు కడిగే డ్రమ్ము దగ్గర ఉంది. సన్నటి పిల్లగా గుర్తున్న మనిషి ఇప్పుడు నిండుగా, బరువుగా, ముక్కు రెండు పక్కలా మెరిసే పుడకలతో నిలబడి, పైట చెంగుతో మొహం తుడుచుకుంటోంది. దెబోరాను తల నుంచి పాదాల దాకా చూసింది.

“ఏమే ఫస్టు ర్యాంకు. బువ్వకు గూడ లేటేనా?”

అంటూనే దెబోరా రెక్క పట్టుకుని, వంటవాళ్ల దగ్గర మిగిలిన పులిహోర ఒక ఆకు ముక్కలో పెట్టించి, ఎనిమిదో తరగతి వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, తాను పక్కనే కూర్చుంది. ఆదోని ఎండల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, డిగ్రీ చదువుతున్న కూతురి గురించి చెప్పింది. కూతురికి ఏ పరీక్ష ఉన్నా ముందు రోజే ఆ ఊరికి తీసుకుపోయి కూర్చుంటానని, మొగుడు నవ్వుతాడని చెప్పింది. దెబోరా ఒక్కో మెతుకూ ఏరుతూ వింది. చెప్పుల గురించి అహల్య ఏమీ అనలేదు, కానీ రెండుసార్లు చూసింది.

అహల్య ఇంకాస్త దగ్గరకు జరిగి, గొంతు తగ్గించింది.

“నేను రాసింది గోపాలకృష్ణ చెప్పినాడా?”

“చెప్పినాడు.”

“ఆ రాత్తిరి మా నాయన ప్రొద్దుటూరు నుంచి వచ్చి పంచాంగం చూసినాడు. ఎనిమిది బస్సుకు ఏ దోషమూ లేదు. ఫస్టు కోసం ఆ పిల్ల నిన్ను ఇంట్లో కూచోబెట్టింది అన్యాడు. సచ్చేదాకా అదే మాట. మా అవ్వ ఒప్పుకోలా. ఆ పిల్లకు అబద్ధం రాదురా, చదవను రాలేదేమో అనింది. ఆయమ్మ గూడ సచ్చేదాకా అదే మాట. ఇద్దరూ ఇంట్లో దీని గురించే తిట్టుకుంటాంటే నడుమ నేను. ఒగనాడు ఆయన తట్టు, ఒగనాడు ఆయమ్మ తట్టు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నా కాడ ఏమీ దాయొద్దు దెబోరా. మా నాయన చెప్పింది నిజమా, మా అవ్వ చెప్పింది నిజమా?”

షామియానా కింద ఎవరో మైకు సరిచేస్తూ ఒకటి, రెండు, మూడు అంటున్నారు. బస్సులో వచ్చినంత దూరమూ దెబోరా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవి వదిలేసింది. ఆకు పక్కన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని, అహల్య మొహంలోకి చూసి చెప్పింది.

“మీ అవ్వ చెప్పిందే నిజం మే. నాకు చదవను రాదు. రాదని చెప్పను సిగ్గయింది, గంటలనుకోని చెప్పినా. అయితే పరీక్ష హాల్లో నీ సీటు నా ముందరే. గంట కొట్టేదాకా నేను వాకిలి తట్టే చూస్తా ఉండా. నువ్వు రావల్లని గాదు అహల్యా, రాకూడదని. ఆ కాడికి మీ నాయన చెప్పింది గూడ నిజమే.”